పదకొండు ఇళ్ళు

విచారణ గది బయట బల్ల మీద నర్సమ్మ కూర్చుని గంటన్నర అయింది. ఒళ్ళో గుడ్డసంచి, సంచిలో బీపీ మిషను. ఇంకా పిలుపు రాలేదు. లోపల్నించి పెద్ద డాక్టరు గొంతు వినపడుతూనే ఉంది. మాటలు తెలియడం లేదు గానీ ఆ నెమ్మది, ఆ మర్యాద తెలుస్తున్నాయి. ఆయన ఎవరి పీకైనా నొక్కేటప్పుడే అంత మెత్తగా మాట్లాడతాడు. ఇరవై రెండేళ్ళుగా ఆయన కింద పనిచేసిన మనిషికి ఆ మాత్రం తెలీదా?

తలుపు పక్కన స్టూలు మీద అటెండరు కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నాడు.

"అక్కా, మంచినీళ్ళు తెచ్చేదా?"

"వద్దు."

"తాగక్కా. లోపలికెళ్ళాక నమలడానికైనా పనికొస్తాయి."

"నోరు మూసుకో."

"మూసుకునే ఉన్నా పదిహేనేళ్ళనించీ. అయినా నాకు తెలీక అడుగుతా, నీ కాగితాలన్నీ గోడ కారి తడిసిపోయాయంటగా? రికార్డు గది తాళం నా దగ్గరే ఉంటుంది. ఆ గోడ ఎండి పెచ్చులూడుతోంది. తడి ఎక్కణ్ణించి వచ్చిందో!"

"ఆ మాట లోపలికొచ్చి చెప్పరాదూ?"

"అడిగితే చెప్తా. అటెండర్ని ఎవడు అడుగుతాడు? టీ తెమ్మంటారు, అంతే."

నర్సమ్మ సంచి మూతి ఇంకొంచెం బిగించి పట్టుకుంది.

సంగతి ఇదీ. రక్తపోటుకి కొత్త మాత్ర ఒకటి తయారైంది. అది పనిచేస్తుందా లేదా తేల్చడానికి జనం పన్నుల సొమ్ముతో ఒక పరిశోధన మొదలుపెట్టారు. జనం సొమ్మంటే ఏదో ఆకాశంలోంచి ఊడిపడింది కాదు. అగ్గిపెట్టె కొన్నవాడూ, సబ్బుబిళ్ళ కొన్నవాడూ తలా ఇంత వేస్తే పోగైంది. ఆరొందల మందిని ఎంచుకుని తలా ఒక నంబరు ఇచ్చారు. మాత్ర మొదలుపెట్టేముందు ఒక విడత, ఆర్నెల్ల తర్వాత రెండో విడత, ఇల్లిల్లూ తిరిగి బీపీ చూడాలి. చూసింది నర్సమ్మ. మోకాళ్ళ నొప్పులతో, వీధి కుక్కల్ని తోలుకుంటూ, మేడ మెట్లెక్కి దిగుతూ చూసింది. రాసుకొచ్చిన కాగితాలు పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళేవి. "మీ రాత కోడి గెలికినట్టుంది సిస్టర్, టైపు చేసే పిల్లకి అర్థం కాదు, నేను సాపు చేసి ఇస్తాను" అనేవాడు ఆయన. అంత పెద్దాయన తన రాతని సాపు చేస్తానంటే నర్సమ్మ మొదట్లో పొంగిపోయింది కూడా.

ఆ తర్వాత రిపోర్టు అచ్చైంది. మాత్ర అద్భుతంగా పనిచేసిందట. అందరికీ బీపీ జారుడుబల్ల మీద పిల్లాడిలా సర్రున దిగిందట. నర్సమ్మ చెవులతో విన్నది వేరు. రెండో విడతలో ఒక్క ఇంట్లోనూ ఆమెకి "అమ్మయ్య" అనిపించలేదు. ఒకసారి ధైర్యం చేసి అడిగింది. "సగటు అనేది ఒకటుంటుంది సిస్టర్, అది మీకు అర్థం కాదులెండి" అని నవ్వాడు. ఆమె వెనక్కి వచ్చేసింది.

మళ్ళీ అడగలేదు. ఎందుకు అడగలేదో ఆమెకి తెలుసు. అడిగితే కాగితాలు బయటికొస్తాయి. కాగితాల్లో ఆ పదకొండూ ఉన్నాయి.

రెండో విడతలో నాలుగు రోజులు ముసురు పట్టింది. కాలవగట్టు వీధిలో మోకాలెత్తు నీళ్ళు. పదకొండు ఇళ్ళు మిగిలాయి, గడువు సాయంత్రానికి అయిపోతుంది. నర్సమ్మ బస్సు షెల్టరులో కూర్చుని, మొదటి విడత అంకెలు ఎదురుగా పెట్టుకుని, పదకొండు మందికీ బీపీ రాసేసింది. నూట ముప్పై నాలుగు, ఎనభై ఆరు. నూట నలభై రెండు, తొంభై.  ఎవరికి నష్టం, వాన తగ్గాక వెళ్ళి చూడొచ్చుగా అనుకుంది. పావుగంటలో పని అయిపోయింది.

ఆ పదకొండింటిలో ముప్పై ఒకటో నంబరు ఒక దర్జీది. నర్సమ్మ ఒళ్ళో ఉన్న ఈ సంచి కుట్టింది అతనే. బీపీ మిషను పెట్టె కీలు ఊడిపోతే, అడక్కుండానే కొలత తీసుకుని, రబ్బరు బుడ్డికి వేరే జేబు పెట్టి మరీ కుట్టిచ్చాడు. "సిస్టర్, ఇది చిరిగేదాకా నేనూ ఉంటా, మీరూ ఉండాలి" అన్నాడు. బస్సు షెల్టరులో నర్సమ్మ రాసిన తొమ్మిదో రోజున కుట్టు మిషను మీదే కుడివైపు ఒరిగిపోయాడు. నోరు వంకరపోయింది. కుడి చెయ్యి ఇప్పటికీ లేవదు.

చూడ్డానికి వెళ్తే దర్జీ భార్య అంది: "ఆ ముసురులో మీరు రాలేకపోయారు గానీ, వచ్చుంటే తెలిసేదేమో సిస్టర్."

నిష్ఠూరం కాదది. మామూలుగా అంది. నర్సమ్మకి మాత్రం ఎనిమిది నెలలుగా అన్నం ముద్ద గొంతు దిగేటప్పుడల్లా ఆ మాట అడ్డం పడుతోంది.

ఇంతలో వేరే ఊరి పరిశోధకుడెవరో ఆ రిపోర్టు చదివి, ఇంత బాగా పనిచేయడం ఎక్కడా చూడలేదే అని పైకి ఉత్తరం రాశాడు. పైవాళ్ళు ముగ్గుర్ని పంపారు. వచ్చే నెల నించి సర్కారు దవాఖానాలన్నిటిలో పాత మాత్ర తీసేసి ఈ కొత్తది ఇవ్వబోతున్నారు. ఆలోపు తేలాలి. బీపీని నిజంగా దించే మాత్రని తీసేసి దించని మాత్రని లక్షల మంది నోట్లో వేస్తే ఎన్ని కుట్టు మిషన్ల మీద ఎంతమంది ఒరిగిపోతారో లెక్క వేసుకోండి.

తలుపు తెరుచుకుంది. "నర్సుగారు రండి."

గదిలో పొడుగాటి బల్ల. మధ్య కుర్చీలో నెరిసిన జుట్టు పెద్దావిడ, రిటైరైన సైంటిస్టట. ఆవిడకి ఒక పక్క కళ్ళద్దాలాయన, ఇంకో పక్క రాసుకునే మనిషి. ఎదురుగా పెద్ద డాక్టరు. నర్సమ్మని చూసి లేచి మరీ కుర్చీ జరిపాడు.

"కూర్చోండి సిస్టర్. కంగారు పడకండి. నిజం చెప్పేస్తే ఎవరూ ఏమీ అనరు."

నర్సమ్మ సంచి ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

పెద్దావిడ డొంకతిరుగుడు లేకుండా మొదలుపెట్టింది. "చూడండమ్మా. రెండో విడత అంకెలు కల్పించినవని మాకు అనుమానం. కల్పించింది మీరేనని డాక్టరుగారు అంటున్నారు. ఇళ్ళకి వెళ్ళకుండా, మీరు ఎక్కడో కూర్చుని రాసేశారని. ఆరొందలూ."

  "అదంతా అబద్ధం" అందామని నర్సమ్మ నోరు తెరిచింది. బస్సు షెల్టరు గుర్తొచ్చి నోరు మూతపడింది.

పెద్ద డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "నా తప్పల్లా నమ్మడమే మేడమ్. పెద్ద వయసు, మోకాళ్ళ నొప్పులు, తిరగలేక రాసేసుంటుంది పాపం. నేను ఆవిడ రాసింది రాసినట్టు సాపు చేశాను. ఒరిజినల్స్ దురదృష్టవశాత్తు తడిసిపోయాయి."

"మీరేమంటారు?"

"నేను... తిరిగాను మేడమ్."

"అన్ని ఇళ్ళూ?"

ఆమె నీళ్ళు నమిలింది. అటెండరు నోటి చలవ!

కళ్ళద్దాలాయన ఒక దొంతర ఆమె ముందుకి తోశాడు. "ఇదిగో, సాపు ప్రతి. మీ అంకెలేనా చూసి చెప్పండి."

సాపు ప్రతిని నర్సమ్మ చూడటం అదే మొదటిసారి. పెద్ద డాక్టరు రాత ముత్యాల్లా ఉంది. ఒకటో నంబరు: నూట ఇరవై ఏడు, ఎనభై ఒకటి. రెండు: నూట ముప్పై మూడు, డెబ్భై తొమ్మిది. ఆమె పేజీ తిప్పింది. ఇంకో పేజీ. వేలు పెట్టి వరస కిందికి దిగింది. ముప్పై ఒకటో నంబరు దగ్గర ఆగింది. నూట ఇరవై తొమ్మిది, డెబ్భై ఏడు.

తను రాసిన నూట ముప్పై నాలుగు లేదు. తన అబద్ధం మీద ఆయన అబద్ధం ఎక్కించాడు. తన కాగితం ఎక్కడో బూడిదైంది. ఈ భూమ్మీద తను ఆ పదకొండూ రాసినట్టు సాక్ష్యం ఇంక లేదు. ఆయనే తుడిచేశాడు, పుణ్యాత్ముడు.

ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి ఆమెకి ఊపిరి అందింది. తల ఎత్తింది.

"ఇవి నావి కావు మేడమ్."

"ఎలా చెప్పగలరు?"

"నా మిషను ఈ అంకెలు పలకదు."

పెద్ద డాక్టరు పకపకా నవ్వాడు. "పలకడానికి అది రేడియోనా సిస్టర్?"

నర్సమ్మ ఆయన్ని చూడలేదు. సంచి విప్పి మిషను బల్ల మీద పెట్టింది. మూత ఎత్తింది. గాజు గొట్టం, అందులో పాదరసం, పక్కన గీతలు. "చూడండి మేడమ్. ఇరవైకీ ముప్పైకీ మధ్య నాలుగే గీతలు. ఇరవై రెండు, ఇరవై నాలుగు, ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది. రెండేసి చొప్పునే దిగుతుంది. పాదరసం గీతకీ గీతకీ మధ్య ఆగినా దగ్గరి గీతే రాయాలి, ట్రైనింగులో మాకు చెయ్యి మీద కొట్టి నేర్పింది అదే. ఇరవై రెండేళ్ళలో నేను బేసి అంకె రాయలేదు. ఈ దొంతరలో ఎక్కడ చూసినా బేసే."

కళ్ళద్దాలాయన గబగబా పేజీలు తిప్పాడు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. "సగానికి సగం బేసి" అన్నాడు నెమ్మదిగా.

"పాత మిషను, గీతలు అరిగిపోయాయి," అన్నాడు పెద్ద డాక్టరు. గొంతు ఇంకా మెత్తగానే ఉంది. "ఈవిడ కంటిచూపు కూడా అంతంతమాత్రం. తోచింది రాసుంటుంది."

"డిజిటల్ మిషన్లో అయితే బేసి వస్తుంది కదా? అదేమైనా వాడారా?" పెద్దావిడ అడిగింది.

"బీరువాలో సీలు కూడా విప్పకుండా ఉంది మేడమ్," అంది నర్సమ్మ. "పాదరసం మిషనుతోనే చూడాలని ప్రాజెక్టు కాగితంలో డాక్టరుగారే రాశారు. డిజిటల్‌ది ఆయన ఇంట్లో ఒకటుంది. తన బీపీ దాంట్లోనే చూసుకుంటారు. ఈ మిషను చేత్తో పట్టుకుని పదిహేనేళ్ళయింది. అందుకే మర్చిపోయినట్టున్నారు."

 రాసుకునే మనిషి తల ఎత్తి డాక్టరు వైపు చూశాడు.

పెద్దావిడ కుర్చీలో ముందుకి వంగింది. "గీతలు అరిగాయో లేదో ఇప్పుడే చూద్దాం. డాక్టరుగారూ, మీ చెయ్యి ఒకసారి ఇవ్వండి."

"నాదా? ఇదేం పద్ధతి మేడమ్?"

"కొలిచే పద్ధతే కదా మనం తేల్చేది. చొక్కా మడవండి."

ఆయన మడిచాడు. నర్సమ్మ పట్టా చుట్టింది, స్టెతస్కోపు చెవులకి పెట్టుకుంది, రబ్బరు బుడ్డి నొక్కింది.  పాదరసం పైకెక్కి మెల్లగా దిగుతోంది. కళ్ళద్దాలాయన గొట్టం దగ్గర మొహం పెట్టాడు.

"ఇప్పుడు," అంది నర్సమ్మ.

"నూట డెబ్భై... ఎనిమిది."

"డెబ్భై ఏడు అనడానికి వీలుందా?" పెద్దావిడ అడిగింది.

"గీతే లేదు మేడమ్. గీతలు శుభ్రంగా కనపడుతున్నాయి."

"డాక్టరుగారికి బీపీ బాగా ఎక్కువుందే," అంది పెద్దావిడ. "ఆ కొత్త మాత్ర వేసుకుంటున్నారా?"

పెద్ద డాక్టరు చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. గుండీ పెట్టుకోవడం కుదరలేదు. రెండుసార్లు జారింది. కానీ ఆయన సామాన్యుడు కాదు. మూడోసారికి గుండీ పెట్టుకుని నర్సమ్మ వైపు తిరిగాడు.

"సరే. నా అంకెలు పక్కన పెట్టండి. నేనొకటి అడుగుతాను, మేడమ్ ఎదుటే చెప్పండి. సిస్టర్, మీరు రాసిన ఒరిజినల్స్‌లో ప్రతి అంకే మీరు ఇంటికెళ్ళి చూసి రాసిందేనా? ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కూడా కూర్చుని రాయలేదా?"

ఆయనకి తెలుసా? నర్సమ్మ ఆయన కళ్ళలోకి చూసింది. కాగితాలు సాపు చేసిన మనిషి. ముసురు రోజు తేదీ చూసుంటాడు. పదకొండూ ఒకే సిరాతో, ఒకే వాలుగా, వాన చుక్క పడకుండా ఉండటం గమనించుంటాడు. తెలుసు. తెలిసే ఇన్నాళ్ళు దాచుకున్నాడు, అవసరానికి పనికొస్తుందని. కానీ చూపించలేడు. చూపించాలంటే తడిసిపోయిన కాగితాలు బతికి రావాలి.

"లేదు" అంటే చాలు. రెండక్షరాలు. ఆయన మునుగుతాడు, మాత్ర ఆగుతుంది, తన సర్వీసు ఇంకో రెండేళ్ళు, తర్వాత పింఛను. మంచే జరుగుతుంది కదా? అబద్ధం ఆడితే నిజం గెలుస్తుంది. ఒప్పుకుంటే, "చూశారా, ఇలాంటి మనిషి మాట మీద నన్ను ఉరి తీస్తారా" అంటాడు, అందరూ తలూపుతారు.

 పెద్దావిడ కలం పట్టుకుని చూస్తోంది.

నర్సమ్మ చెయ్యి సంచి మీదకి వెళ్ళింది. రబ్బరు బుడ్డి జేబు దగ్గర దారం రెండు పేటలు వేసి కుట్టాడు, అక్కడే తొందరగా చిరుగుతుందని.

"రాశాను," అంది.

"చూశారా!" పెద్ద డాక్టరు బల్ల మీద చరిచాడు. మెత్తని గొంతు ఎగిరిపోయింది. "చూశారా మేడమ్! నేను మొదణ్ణించీ చెబుతున్నదేంటి?"

"మీరు ఆగండి. ఎన్ని?"

"పదకొండు."

"ఏవేవో గుర్తున్నాయా?"

గుర్తులేకపోవడమా! ఎనిమిది నెలలుగా కళ్ళు మూసుకుంటే అవే. "ఇరవై నాలుగు, ఇరవై ఐదు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, ముప్పై ఒకటి..." అని మొదలుపెట్టి పదకొండూ చెప్పింది. ఒక్కోదానికీ తను రాసిన అంకె చెప్పింది. తేదీ చెప్పింది. ముసురు సంగతి చెప్పబోయి మానేసింది, సాకులా వినపడుతుందని. "ముప్పై ఒకటో నంబరాయనకి తొమ్మిదో రోజున పక్షవాతం వచ్చింది. నేను వెళ్ళుంటే దొరికేది. వెళ్ళలేదు. నూట ముప్పై నాలుగు అని రాశాను."

రాసుకునే మనిషి అన్నీ రాశాడు. కలం గీసుకుంటున్న చప్పుడు ఆగేదాకా పెద్దావిడ ఆగింది. తర్వాత దొంతర తనవైపు లాక్కుని, పెద్ద డాక్టరు వైపు తిరిగింది.

"ఆవిడవి పదకొండు. ఇప్పుడు మీరు చెప్పండి. మీవి ఎన్ని?"

పెద్ద డాక్టరు నోరు తెరిచాడు.

"ఆవిడలాగే నంబర్లు చెప్పండి. రాసుకుంటాం."

 ఇప్పుడాయన ఆరొందలని చెప్పాలి, లేదా ఒక్కటీ కాదని చెప్పాలి. రెండూ నోటికి రాలేదు. 

"బయట స్టూలు మీద ఒకతనున్నాడు," అంది నర్సమ్మ లేస్తూ. "రికార్డు గది తాళం అతని దగ్గరే ఉంటుంది. గోడ సంగతి అడగండి మేడమ్. అడిగితే చెప్తాడు."

"అడుగుతాం. మాత్ర ఆపమని ఇవాళే రాస్తాను. అమ్మా, మీ మీద కూడా రాయాల్సి ఉంటుంది. ఉద్యోగం ఉంటుందని చెప్పలేను."

"రాయండి మేడమ్."

తలుపు తీసేసరికి అటెండరు చెవి తలుపుకి ఆనించి ఉన్నాడు. ఒక్క గెంతున నిలబడ్డాడు.

"అక్కా, నిన్నెవరు ఒప్పుకోమన్నారే? ఆయన మునిగిపోతుంటే నువ్వెందుకు దూకావు?"

"నిన్ను పిలుస్తున్నారు. పో. టీకి కాదు."

అతను చొక్కా సర్దుకుంటూ మొదటిసారి భయపడ్డాడు.

కాలవగట్టు వీధి ఇప్పుడు పొడిగా ఉంది. దుమ్ము లేస్తోంది. అదే బస్సు షెల్టరు ముందు దిగి, దాన్ని చూడకుండా నడిచింది నర్సమ్మ. దర్జీ ఇంట్లోంచి కుట్టు మిషను చప్పుడు. తొక్కుతున్నది భార్య. దర్జీ గోడకి ఆనుకుని మంచం మీద కూర్చుని, ఎడం చేత్తో గుడ్డ అంచు పట్టి ఆమెకి అందిస్తున్నాడు.

"రండి సిస్టర్, ఏంటిలా పట్టపగలు?" దర్జీ మాట ఇంకా ముద్దగానే వస్తోంది.

"చెప్పడానికొచ్చాను." ఆమె కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పేసింది. ముసురు రోజు. షెల్టరు. నూట ముప్పై నాలుగు. విచారణలో చెప్పినంత సూటిగా రాలేదు, మధ్యలో రెండుసార్లు మళ్ళీ మొదటికొచ్చింది. అయినా ఆపలేదు.

కుట్టు మిషను చప్పుడు ఎప్పుడాగిందో ఆమెకి తెలీలేదు.

దర్జీ తల దించుకుని గుడ్డ అంచు నలుపుతున్నాడు. అతని భార్య లేచి నిలబడింది. తన చెంప మీద కొడుతుందనుకుంది నర్సమ్మ. కొట్టినా బాగుండేది.  దర్జీ భార్య చెయ్యి చాపి సంచి చూపించింది.

"అందులో మిషనుందా?"

"ఉంది."

"ముందు ఆయనకి చూడండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడదాం. చాలా మాట్లాడాలి."

నర్సమ్మ మంచం పక్కన నేల మీద కూలబడింది. పట్టా చుట్టింది. బుడ్డి నొక్కింది. దర్జీ ఆమె మొహం చూడకుండా సంచి జేబు వైపు చూస్తున్నాడు. పాదరసం ఎక్కింది, దిగింది.

"నూట అరవై ఆరు, తొంభై ఎనిమిది," అంది. "ఎక్కువే. ఆ కొత్త మాత్ర మానేయండి. పాతది మొదలుపెట్టాలి. ఇవాళే దవాఖానాకి తీసుకెళ్తాను."

దర్జీ భార్య కుట్టు మిషను బల్ల మీంచి గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దముక్క తీసి నర్సమ్మ చేతిలో పెట్టింది. గోడ చూపించింది.

"రాయండి. తేదీ వేసి, నా కళ్ళ ముందర రాయండి."

నర్సమ్మ రాసింది.